చచ్చిపోవాలనిపించే రోజు కోసం, బాగున్న రోజునే సిద్ధం కావడం ఎలా?

ఇది చదువుతున్న ఈ నిమిషంలోనే మీకు చచ్చిపోవాలని గట్టిగా అనిపిస్తుంటే, మిగతాదంతా తర్వాత చదవవచ్చు. ముందు, మీరున్న గదిలోంచి బయటికి రండి. మీకు హాని చేసుకోవడానికి పనికొచ్చేది ఏదైనా దగ్గర్లో ఉంటే దాన్ని వదిలి, మనుషులున్న చోటికి వెళ్లండి. ఎవరికైనా ఒకరికి ఫోన్ చేసి "నేను ఒంటరిగా ఉండలేకపోతున్నాను, నా దగ్గరికి రా" అని చెప్పండి. కారణాలు చెప్పక్కర్లేదు. భారతదేశంలో ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, అది ఎంత చిన్నదనిపించినా సరే, వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక కాస్త తెరిపిగా ఉన్నవాళ్ల కోసం.

నాకు బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు లోతైన దిగులు వచ్చే మానసిక జబ్బు) ఉందని డాక్టర్ చెప్పి 16 ఏళ్లయింది. ఈ 16 ఏళ్లలో చావు ఆలోచన ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. చాలాకాలం నేను చేసిన తప్పేమిటంటే, ఆలోచన వచ్చాక దాంతో పోట్లాడటం. అప్పటికి పోట్లాడే శక్తి ఉండదు. డిప్రెషన్ లోతుగా ఉన్న రోజున పళ్లు తోముకోవడమే పెద్ద పని. అలాంటి మనిషిని బతకడానికి కారణాలు వెతుక్కోమంటే ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే బాగాలేని రోజున చేయాల్సిన ఆలోచనంతా బాగున్న రోజునే చేసిపెట్టుకోవాలని ఇప్పుడు నేను నమ్ముతున్నాను. వాన తెరిపిచ్చినప్పుడే ఇంటి కప్పు బాగుచేసుకున్నట్టు. కింద చెప్పేవన్నీ ఆ తెరిపిలో చేసుకునే పనులు. ఇవి డాక్టర్ ఇచ్చే వైద్యానికి బదులు కాదు, దానికి తోడు.

1. ఆలోచన ఏ మెట్టు మీద ఉందో గుర్తుపట్టండి

చావు ఆలోచనలన్నీ ఒకటి కావు. "రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే బాగుండు" అనేది ఒకటి. "నేను చచ్చిపోవాలి" అనేది దానికి పై మెట్టు. ఎలా అని మనసు లెక్కలు వేయడం మొదలుపెడితే అది ఇంకో మెట్టు. ఎప్పుడో తేల్చుకుని, కావలసినవి చూసుకోవడం చివరి మెట్టు.

మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు చాలామంది. వాళ్లు అది మామూలే అనుకుని డాక్టర్‌కు కూడా చెప్పరు. చెప్పాలి. జబ్బు ఇంకా పూర్తిగా అదుపులోకి రాలేదనడానికి అది గుర్తు కావచ్చు, మందు మార్చాలో డోసు మార్చాలో తేల్చుకోవడానికి డాక్టర్‌కు పనికొస్తుంది. రెండో మెట్టు అయితే ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పాలి. మూడు, నాలుగు మెట్ల మీద ఉంటే ఒంటరిగా ఉండకూడదు, అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకూడదు. చావమని చెప్పే గొంతులు వినిపిస్తుంటే మెట్లు లెక్కపెట్టే పనే లేదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తలలోకి వచ్చిన ప్రతి ఆలోచనా మీ కోరిక కాదు. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, నా జబ్బు ముదిరితే ఈ ఆలోచన వస్తుంది. "నేను చావాలనుకుంటున్నాను" అనే బదులు "ఆ ఆలోచన మళ్లీ వచ్చింది" అని పైకి అనడం అలవాటు చేసుకున్నాను. అలా అన్నప్పుడు దానికీ నాకూ మధ్య ఒక అడుగు జాగా దొరుకుతుంది. ఫోన్ తీసి నంబరు నొక్కడానికి ఆ జాగా చాలు.

2. మీ ముందస్తు గుర్తులేమిటో రాసుకోండి

నిద్ర తగ్గడం, తిండి మానేయడం, స్నానం చేయబుద్ధి కాకపోవడం, నేను అందరికీ భారమైపోయాను అన్న మాట తలలో తిరగడం, ఇవి చాలామందికి ఉమ్మడిగా ఉంటాయి. కానీ మీకంటూ ప్రత్యేకంగా ఒకటో రెండో ఉంటాయి, పనికొచ్చేవి అవే. నాకు మొదట తెలిసేది ఫోన్ దగ్గర. రెండు రోజులు వరసగా ఎవరి ఫోన్లూ ఎత్తలేదంటే దిగువకు జారుతున్నానని అర్థం. తర్వాత అప్పులూ బాకీలూ తేల్చేయాలన్న తొందర మొదలవుతుంది. బయటివాళ్లకు అది మంచి అలవాటులా కనిపిస్తుంది. నాకు మాత్రం అది ప్రమాద ఘంటిక.

ఈ జాబితా మీరొక్కరే రాయకండి. ఇంట్లోవాళ్లనో, దగ్గరి స్నేహితుణ్నో అడగండి: "నాకు బాగాలేనప్పుడు నీకు మొదట ఏం తేడా కనిపిస్తుంది?" మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. నేను అడిగినప్పుడు మా అక్క చెప్పింది, "నువ్వు మాట మధ్యలో ఆగిపోతావు" అని. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. చాలారోజులు కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోయి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, బాగుపడ్డారని ఊపిరి పీల్చుకోకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి.

3. ఒక కాగితం రాసి దగ్గర పెట్టుకోండి

ఇది ఈ మొత్తంలో గుండెకాయ లాంటిది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు భద్రతా ప్రణాళిక అనే పద్ధతిని రూపొందించారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో దాన్ని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఈ ప్రణాళిక రాసుకుని, ఇంటికి వెళ్లాక ఫోన్ పలకరింపులు కూడా అందుకున్నవాళ్లలో, తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే 45 శాతం తక్కువగా కనిపించాయి. ఇంత పని చేసేది ఒకే ఒక్క కాగితం, దాని వెనక మాట్లాడే ఒక మనిషి.

దాన్ని వరసగా ఇలా రాయాలి. పైన మీ ముందస్తు గుర్తులు. తర్వాత, ఎవరి సాయం లేకుండా మీ అంతట మీరు చేయగలిగే పనులు: నడక, పాట, చల్లని నీళ్లతో ముఖం కడుక్కోవడం, ఏదైనా. వాటి కింద, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ. ఇక్కడ మీ బాధ చెప్పుకోనక్కర్లేదు, నలుగురి మధ్య ఉంటే చాలు. ఆ తర్వాత, బాధ విప్పి చెప్పుకోగల ఇద్దరు ముగ్గురి పేర్లు, నంబర్లు. ఆ కింద మీ డాక్టర్, హెల్ప్‌లైన్, దగ్గర్లోని ఎమర్జెన్సీ. చివరగా, మీ చుట్టూ ఉన్న చోటును ప్రమాదం లేకుండా చేసుకోవడానికి ఏం చేయాలో.

వరస ఎందుకంటే, ఒకటి పనిచేయకపోతే రెండోదానికి వెళ్లాలి. పరిస్థితి మరీ తీవ్రంగా ఉంటే పైవన్నీ వదిలేసి నేరుగా డాక్టర్ వరసకు దూకవచ్చు.

రాసేటప్పుడు పెద్ద మాటలు వద్దు. "ధైర్యంగా ఉండాలి" అని రాస్తే ఆ రోజున అది తిట్టులా వినిపిస్తుంది. "చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా నడిచి రా" అని రాయండి. నంబర్లు కాగితం మీదే రాయండి, ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోకండి. ఆ రోజున ఫోన్‌లో పేరు వెతకడం కూడా చేతకాదు, నాకు అనుభవమే. పేర్లు రాసేముందు వాళ్లను అడగండి: "అర్ధరాత్రి చేసినా ఎత్తుతావా?" ఎత్తలేనన్నవాళ్లు మీకు శత్రువులు కారు, నిజం చెప్పి మేలు చేశారు.

బతకడానికి కారణాలేమిటో కూడా ఒక వరసలో రాయమంటారు. అవి గొప్పవి కానక్కర్లేదు. కుండీలో మొక్కకు నీళ్లు పోయడం నా మొదటి కాగితంలో ఉంది. అది చదివి ఎవరైనా నవ్వుతారేమో అనిపించింది. కానీ ఒక సాయంత్రం నన్ను మంచం మీద నుంచి లేపింది అదే.

4. ప్రమాదానికీ మీకూ మధ్య దూరం పెట్టండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ ప్రాణాలు నిలిపేదీ ఇదే.

చావాలన్న నిర్ణయం రాయి మీద చెక్కింది కాదు. 1978లో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం ప్రచురించారు. 1937 నుంచి 1971 వరకు ఒకే చోట ఆత్మహత్య చేసుకోబోతుండగా ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో ఆయన వెతికి చూశారు. సుమారు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలతోనే కన్నుమూశారు. "ఈరోజు ఆపితే రేపు ఎలాగూ చేసుకుంటారు" అనే మాట అబద్ధమని చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన లెక్క తెలియదు. ఉధృతి తారస్థాయికి చేరి దిగిపోవడానికి చాలామందిలో పట్టేది నిమిషాలో, గంటలో. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే, మనిషి మిగులుతారు.

మీ మనసు దేని వైపు వెళ్తుందో మీకు తెలుసు. అది ఇంట్లో ఉంటే, బాగున్న రోజునే ఇంకొకరికి ఇచ్చేయండి, తాళం వాళ్ల దగ్గర ఉండనివ్వండి. ఎక్కడ పెట్టారో మీకు చెప్పొద్దనండి. మందులు నెలల తరబడి నిల్వ పెట్టకుండా వారానికో పది రోజులకో సరిపడా తీసుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. రోజూ ఒకరు చేతికి అందించే ఏర్పాటు ఇంకా మంచిది. పాతబడిన మాత్రలు ఇంట్లో ఉంచకండి. మద్యం తాగే అలవాటుంటే, జారుతున్న రోజుల్లో దాన్ని అసలు ముట్టకండి. మద్యం దిగులును పెంచుతుంది, ఆపుకునే శక్తిని తగ్గిస్తుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఇలా చేయడం మీ మీద మీకు నమ్మకం లేకపోవడం కాదు. ఆ రోజు వచ్చే ఉధృతి ఎంతటిదో తెలిసినవాళ్లు చేసే పని ఇది.

5. చెప్పడం ఎలాగో ముందే సాధన చేయండి

"నాకు చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న మాట నోట్లోంచి రావడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. సిగ్గు, భయం, వాళ్లు కంగారుపడతారన్న బెంగ. అందుకే వాక్యం ముందే రాసి పెట్టుకోండి. నాది ఇది: "ఆ ఆలోచనలు వచ్చాయి. నాకు సలహా వద్దు. కాసేపు లైన్‌లో ఉండు." ఇంకా తీవ్రంగా ఉంటే: "నేను ప్రమాదంలో ఉన్నాను. వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లు." నోటితో చెప్పలేకపోతే మెసేజ్ పెట్టండి. అదీ రాయలేకపోతే ఒక గుర్తు ఒప్పందం చేసుకోండి. మా అక్కకూ నాకూ ఒక అంకె ఉంది. ఆ అంకె పంపితే ఆమె ఏ ప్రశ్నా వేయకుండా బయలుదేరుతుంది.

మొదట చెప్పినవాళ్లు సరిగ్గా స్పందించకపోవచ్చు. "నీకేం తక్కువ?" అనవచ్చు. ఆ మాట గోరుచుట్టు మీద రోకటిపోటే. అయినా అక్కడితో ఆగకండి, కాగితంలో రెండో పేరుకు వెళ్లండి.

వినేవాళ్లకు: "చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడకండి. అలా పుట్టదు. అడిగినందుకు చాలామందికి గుండెల మీద బరువు కాస్త దిగుతుంది. తర్కంతో గెలవాలని చూడకండి. ఎక్కువ మాట్లాడకండి. ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకండి.

చిన్న పలకరింపు ఎంత పనిచేస్తుందో జెరోమ్ మోటో అనే మనోవైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో చూపించారు. డిప్రెషన్‌తోనో ఆత్మహత్యా ఆలోచనలతోనో ఆసుపత్రిలో చేరి, బయటికొచ్చాక వైద్యం కొనసాగించని 843 మందిని ఆయన బృందం రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి ఐదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు పంపారు, ఎలా ఉన్నారో అని తలచుకుంటూ, వాళ్లనుంచి ఏమీ ఆశించకుండా. 2001లో ప్రచురించిన ఫలితాల్లో, మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ. ఉత్తరంలో వైద్యం ఏమీ లేదు. మిమ్మల్ని ఒకరు గుర్తుపెట్టుకున్నారన్న సంగతి మాత్రమే ఉంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఈమధ్య ఆసుపత్రి నుంచి వచ్చి ఉంటే, నెలకోసారి రెండు వాక్యాలు పంపండి. జవాబు రాకపోయినా పంపండి.

6. మందుల సంగతి డాక్టర్‌తో దాపరికం లేకుండా

దీర్ఘకాల జబ్బు ఉన్నవాళ్లకు కొన్ని మందులు మూడ్ సరిచేయడంతో ఆగవు, ఆత్మహత్య ముప్పునూ తగ్గిస్తాయి. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ లిథియం అనే మందు పనితనాన్ని వెల్లడించారు, బైపోలార్‌లో అది ఇప్పటికీ పెద్ద అండ. స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించడం, భ్రమలు కలగడం వంటివి ఉండే మానసిక జబ్బు) ఉన్నవాళ్లలో ఆత్మహత్యా ప్రవర్తన తగ్గించడానికి క్లోజపైన్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో ఆమోదించింది. రెండింటికీ క్రమం తప్పని రక్తపరీక్షలు కావాలి. మీకు సరిపడతాయో లేదో డాక్టరే చెప్పాలి, కానీ అడిగే హక్కు మీది.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోపు దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు, అందుకే మొదటి వారాల్లో ఎక్కువ కనిపెట్టి ఉండాలి. 25 ఏళ్ల లోపు వాళ్లలో ఈ మందులు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు ఆత్మహత్యా ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఉంది. దానర్థం మందు వేసుకోవద్దని కాదు, దగ్గరగా చూసుకోమని.

కొన్ని మందులతో కుదురుగా కూర్చోలేని, కాళ్లు ఆడించకుండా ఉండలేని, లోపలి నుంచి పీకుతున్నట్టుండే అలజడి వస్తుంది. దాన్ని అకథీషియా అంటారు. దీన్ని జబ్బు ముదిరిందని పొరబడటం మామూలు. ఇది భరించలేనిదిగా మారి చావు ఆలోచనలకు దారితీయవచ్చు. తగ్గించే మార్గం ఉంది కాబట్టి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

మందులు మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. నేను ఒకసారి ఆపాను. ఐదు నెలలు బాగున్నాను కదా, ఇంకెందుకు అనిపించింది. ఆ తర్వాత వచ్చిన నెలలు ఇప్పటికీ తలచుకోబుద్ధి కాదు. బరువు పెరిగినా, మత్తుగా ఉన్నా, లైంగిక ఇబ్బందులున్నా డాక్టర్‌తో చెప్పి మార్పించుకోండి. ఎదురుగా కూర్చుంటే మాట రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. "గత రెండు వారాల్లో చావు ఆలోచన ఎన్నిసార్లు వచ్చింది, ఏ మెట్టుదాకా వెళ్లింది" అని మొదటి వాక్యంలోనే రాయండి. ఆఖర్లో చెబుదాంలే అనుకుంటే సమయం అయిపోతుంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారాలు అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సినవి. ఇంట్లోవాళ్లు బాగైందనుకుని ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయే సమయం కూడా అదే. డిశ్చార్జి రోజునే వారం లోపు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

7. ఆ రాత్రి గడపడం

కాగితం తీయండి. పావుగంట పెట్టుకోండి, రాత్రంతా అని పెట్టుకోకండి. ఈ పావుగంట ఏమీ చేసుకోను, అంతే. అది అయ్యాక ఇంకో పావుగంట. లైట్లు వేయండి. గుండె జబ్బు లేకపోతే గిన్నెలో చల్లని నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి కాసేపు ముఖం ముంచండి. ఇలా చేస్తే గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. ఏ పెద్ద నిర్ణయమూ తెల్లవారకముందు తీసుకోకండి. రెండు పావుగంటలు గడిచినా ఉధృతి తగ్గకపోతే ఫోన్ చేయండి. అవతలివాళ్ల నిద్ర పాడవుతుందని ఆలోచించకండి, వాళ్లు ముందే ఒప్పుకున్నారు.

మర్నాడు ఓపిక ఉంటే రెండు వాక్యాలు రాయండి: ఏం జరిగితే మొదలైంది, ఏది పనిచేసింది. వచ్చేసారి అదే మీకు మందుచీటీ.

8. మిగతా రోజులు

నిద్ర వేళలు కాపాడుకోండి. నిద్రలేమి, పీడకలలు ముప్పును పెంచుతాయి, వాటికి విడిగా వైద్యం ఉంది. రోజుకు ఒక చిన్న పని, పూర్తయ్యేంత చిన్నది, పెట్టుకోండి. వీలైతే మాటల చికిత్సలో చేరండి. తీవ్రమైన ఆత్మహత్యా ఆలోచనలున్నవాళ్ల కోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సను రూపొందించిన మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైన్‌హాన్, యవ్వనంలో తాను కూడా ఆ స్థితిలో ఆసుపత్రిలో గడిపానని 2011లో బయటపెట్టారు. నరకంలోంచి బయటికొచ్చిన మనిషి వెనక్కి తిరిగి మిగతావాళ్ల కోసం మెట్లు కట్టారు. ఈ సంగతి నాకు చాలా రాత్రులు తోడుంది.

ఆలోచనలు మళ్లీ వస్తాయి. నాకు ఇప్పటికీ వస్తాయి. మళ్లీ వచ్చాయంటే ఇన్నాళ్లూ చేసింది వృథా పోయిందని కాదు. ఎనిమిదేళ్ల కింద వారాలు పట్టిన ఉధృతి నాకు పోయినసారి రెండు రోజుల్లో దిగింది, ఎందుకంటే మొదటి రోజే ఆ అంకె పంపాను.

కాగితాన్ని ఆరు నెలలకోసారి మళ్లీ రాయండి. మనుషులు మారతారు, నంబర్లు మారతాయి. నాది ఇప్పుడు తొమ్మిదోది. అందులో రెండు పేర్లు కొత్తవి, మొక్క మాత్రం మొదటి కాగితంలోదే. మడతల దగ్గర చిరిగిపోతోంది, ఈ ఆదివారం కూర్చుని మళ్లీ రాయాలి.